కోట కూలినా నిలిచిన సంఘము: ‘క్రూసేడు’ అనే మాటపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

మన తీరప్రాంతపు ఊళ్ళలో సువార్త సభల కొరకు వేసే కరపత్రములలోను, గోడపత్రికలలోను చాలా కాలముగా ఒక మాట కనబడుతున్నది. అది ‘క్రూసేడు’. నెల్లూరు పట్టణము మొదలుకొని సముద్రపు ఒడ్డున ఉన్న మైపాడు వంటి గ్రామముల వరకు ఈ మాట మన సంఘములకు కొత్తది కాదు. సభలను ఏర్పాటు చేసేవారి మనస్సులో యుద్ధము లేదనే సంగతి మనకందరికీ తెలుసు. పెద్ద పందిరి, మైకు, పాటలు, ఒక ప్రసంగీకుడు, రోగుల కొరకు ప్రార్థన. ఇంతే ఆ మాటకు మనవారు ఇచ్చుకున్న అర్థము.

అయితే మాటలకు మనము ఇచ్చుకున్న అర్థమే కాక, అవి మోసుకొని వచ్చే చరిత్ర కూడా ఉంటుంది. సువార్త చెప్పేవాడు తన మాట తనకు ఏమి అర్థమవుతున్నదో చూసుకుంటే చాలదు. వినేవానికి అది ఏమని వినబడుతున్నదో కూడా చూసుకోవాలి. ఈ వ్యాసములో మేము ఆ పని చేయదలిచాము. సిలువ యుద్ధముల చరిత్ర అంతటినీ తిరగవేయడము మా ఉద్దేశము కాదు. ఆ యుద్ధముల కాలములో ప్రసిద్ధి చెందిన ఒకే ఒక కోట చరిత్రను తీసుకొని, దానిని మన జిల్లాలోని ఉదయగిరి కోటతోను, మన తీరపు సంఘ చరిత్రతోను పోల్చి, మన ప్రసంగ భాషను పరీక్షించుకుందాము.

1. ఆసుపత్రి నుండి కోటకు

నేటి సిరియా దేశములో, హోమ్స్ పట్టణమునకు పడమరగా, మధ్యధరా సముద్ర తీరమునుండి లోపలి మైదానములకు పోయే దారికి ఎదురుగా ఒక కొండ ఉన్నది. ఆ కొండమీది కోటను అరబ్బులు ‘హిస్న్ అల్-అక్రాద్’ అన్నారు. అంటే కుర్దుల కోట. 1031లో హోమ్స్ పాలకుడు అక్కడ కుర్దు సైనికులను ఉంచడమువలన ఆ పేరు వచ్చింది. నేడు లోకమంతటా ప్రసిద్ధమైన ‘క్రాక్ దె షెవాలియే’ అనే ఫ్రెంచి పేరు 19వ శతాబ్దపుది.

1099లో యెరూషలేముకు పోతున్న మొదటి సిలువ యుద్ధ సైన్యము ఈ కోటను కొద్దికాలము పట్టుకొని విడిచిపెట్టింది. 1110లో టాంక్రెడ్ దానిని తిరిగి ఆక్రమించాడు. 1142లో ట్రిపోలి ప్రభువైన రెండవ రేమండ్ దానిని హాస్పిటలర్లు అనే సన్యాస యోధుల సంఘమునకు ఇచ్చివేశాడు. మన విద్యార్థులు ముఖ్యముగా ఆలోచించవలసినది ఈ సంఘమును గురించే.

హాస్పిటలర్లు అనే పేరులోనే ఆసుపత్రి ఉన్నది. యెరూషలేముకు వచ్చే యాత్రికులలో రోగులకు, బీదలకు సేవ చేయడానికి అమాల్ఫీ వర్తకుల సహాయముతో 11వ శతాబ్దములో మొదలైన ఒక సత్రమే ఈ సంఘమునకు మూలము. 1113లో రెండవ పాస్కల్ పోపు దానికి గుర్తింపునిచ్చాడు. సేవకులు రోగులను ప్రభువులుగా ఎంచాలన్నది వారి నియమము. రోగి ఏ మతస్థుడని అడగకుండ చేర్చుకున్నారని కూడా చరిత్రకారులు వ్రాశారు. మత్తయి సువార్త 25వ అధ్యాయమును ఇంతకంటె చక్కగా ఆచరణలో పెట్టినవారు ఆ కాలములో అరుదు.

అటువంటి సంఘము ముప్పది సంవత్సరములు తిరగకముందే కోటకు యజమాని అయింది. ఇది ఒక్కనాడు జరిగిన మార్పు కాదు. యాత్రికులకు సేవ చేయాలంటే వారి దారికి రక్షణ కావాలి. దారికి రక్షణ కావాలంటే కత్తి పట్టినవారు కావాలి. కత్తి పట్టినవారికి నిలువ నీడ కావాలి. ఆ నీడకు గోడలు కావాలి. గోడలు కట్టడానికి, నిలబెట్టుకోవడానికి చుట్టుపట్ల గ్రామముల ఆదాయము కావాలి. ఒక్కొక్క మెట్టూ సమంజసముగానే కనబడుతుంది. మెట్లన్నీ ఎక్కిన తరువాత వెనుదిరిగి చూస్తే, రోగి మంచము ఎంతో దూరములో ఉన్నది. ఆసుపత్రి సేవను వారు మానివేయలేదు. కాని సంఘము బలము, ధనము, పేరు మాత్రము కోటల చుట్టూ తిరగడము మొదలైంది.

2. కోట పతనము, కొండక్రింది మఠము

ఆ కోట బలమును తక్కువ చేసి చెప్పనవసరము లేదు. 1163లో నూరుద్దీన్ కోట క్రింది మైదానములో ఓడిపోయాడు. 1187లో హత్తీను యుద్ధములో సిలువ యోధుల సైన్యము నాశనమైంది. యుద్ధరంగమునకు వారు మోసుకొని పోయిన నిజ సిలువ అవశేషము కూడా శత్రువుల చేతికి చిక్కింది. ఆ మరుసటి సంవత్సరము సలాదీన్ ఈ కోట దగ్గరకు వచ్చి, దాని బలము చూసి ముట్టడి వేయకుండానే ముందుకు సాగిపోయాడు. 1212లో దానిని చూసిన ఒక జర్మను యాత్రికుడు, కోటలో 2,000 మంది కాపలా ఉన్నారని వ్రాశాడు. ఆ శతాబ్దములోనే వెలుపలి ప్రాకారము కట్టబడి, ఒక కోటలోపల ఇంకొక కోటగా అది తయారైంది.

కాని 1268 నాటికి, తూర్పు దేశములలో తమ సంఘ సోదరులు 300 మంది మాత్రమే మిగిలారని ఆ సంఘాధిపతి హ్యూ రెవెల్ వాపోయాడు. గోడలు పెరిగాయి, మనుష్యులు తరిగిపోయారు. 1271 మార్చిలో ఈజిప్టు సుల్తాను బైబర్స్ ముట్టడి వేశాడు. ఏప్రిల్ 8న కోటవారు లొంగిపోయారు. పై అధికారి పేరిట వచ్చిన ఒక దొంగ ఉత్తరమును నమ్మి వారు లొంగిపోయారని కథనము. ప్రాణములతో ట్రిపోలికి పోవడానికి వారికి అనుమతి దొరికింది. కోటలోని ప్రార్థనాలయము మసీదు అయింది. ఇరువది సంవత్సరములకు, 1291లో, ఆక్ర పట్టణము కూడా పడిపోవడముతో సిలువ యోధుల రాజ్యము ముగిసింది.

సంఘచరిత్ర పాఠము సాధారణముగా ఇక్కడ ఆగిపోతుంది. 1095లో క్లెర్మోఁలో రెండవ అర్బన్ పోపు ప్రసంగము, 1291లో ఆక్ర పతనము. పరీక్షకు ఈ రెండు తేదీలు చాలును. మా విమర్శ ఇక్కడే మొదలవుతున్నది. ఆ పాఠములో ఒక సంగతి దాదాపుగా కనబడదు. అదేమంటే, ఆ కోట కట్టకముందే ఆ ప్రాంతములో క్రైస్తవులు ఉన్నారు. కోట పడిపోయిన తరువాత కూడా ఉన్నారు.

కోటకు కొద్ది మైళ్ళ దూరములో పరిశుద్ధ జార్జి పేరిట ఒక ప్రాచీన ఆర్థొడాక్సు మఠము ఉన్నది. ఆ లోయకు అరబ్బీలో ‘వాది అల్-నసారా’ అని పేరు. అంటే క్రైస్తవుల లోయ. అక్కడి విశ్వాసులు అరబ్బీ మాట్లాడేవారు, తూర్పు సంఘమునకు చెందినవారు. రోమీయ సామ్రాజ్యము క్రింద, ముస్లిము పాలకుల క్రింద, లాటిను యోధుల క్రింద, మరల ముస్లిము పాలకుల క్రింద వారు తమ ఆరాధనను కొనసాగించారు. వారికి కోట లేదు. పన్నులు కట్టారు, కష్టములు పడ్డారు, పొరుగువారితో కలిసి పొలములు దున్నుకున్నారు. 1271లో కొండమీది బలమైన సిలువ జెండా దిగిపోయింది. కొండక్రింది బలహీనమైన సంఘము నేటికీ ఉన్నది.

దానికి తోడు, సిలువ యుద్ధములు ఆ తూర్పు సంఘములకు మేలు చేయలేదు. 1099 జూలై 15న యెరూషలేము పట్టుబడినప్పుడు ముస్లిములు, యూదులు ఊచకోతకు గురయ్యారు. 1204లో నాల్గవ సిలువ యుద్ధ సైన్యము క్రైస్తవ పట్టణమైన కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకున్నది. ఆ గాయము ఎంత లోతైనదంటే, దాదాపు ఎనిమిది వందల సంవత్సరముల తరువాత, 2001లో ఏథెన్సులో రెండవ జాన్ పాల్ పోపు దానిని గురించి పశ్చాత్తాపము తెలుపవలసి వచ్చింది. అంతకు ముందు 1996 మొదలు 1999 వరకు కొందరు సువార్తిక క్రైస్తవులు కొలోను నుండి యెరూషలేము వరకు సిలువ యోధుల దారిలో నడిచి, దారిలో కలిసిన ముస్లిములను, యూదులను, తూర్పు క్రైస్తవులను క్షమాపణ అడిగారు.

3. ఆ భావము మన తీరమునకు చేరిన విధము

ఇదంతా ఎక్కడో సిరియాలో జరిగినది, మనకేమి సంబంధము అని పాఠకులు అడుగవచ్చు. సంబంధము ఉన్నది. దేవాలయ యోధుల సంఘము రద్దు అయిన తరువాత పోర్చుగల్‌లో వారి ఆస్తులతో 1319లో ‘క్రీస్తు సంఘము’ అనే యోధుల సంఘము ఏర్పడింది. పోర్చుగీసు ఓడల తెరచాపలమీద కనబడిన ఎర్రని సిలువ ఆ సంఘపు గుర్తే. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరాడు. 1502లో అదే వాస్కో డ గామా మక్కానుండి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను, స్త్రీలు పిల్లలతో సహా, సముద్రము మధ్యలో కాల్పించాడు. సిలువ గుర్తు గల తెరచాపను హిందూ మహాసముద్రములో మొదట చూసిన అనేకులకు అది సువార్తగా కనబడలేదు.

మైపాడు నుండి దక్షిణముగా ఇదే తీరము వెంబడి పోతే దుగరాజపట్నము, ఆపైన పులికాట్ వస్తాయి. పులికాట్‌లో డచ్చివారు వర్తకశాల పెట్టుకొనగా, 1612లో పోర్చుగీసువారు దానిని నాశనము చేశారు. 1613లో అక్కడ డచ్చివారి గెల్డ్రియా కోట వెలిసింది. ఆ రేవునుండి బట్టలతో పాటు బానిసలుగా అమ్ముడైన మనుష్యులు కూడా ఓడలెక్కారు. ‘ఆర్మగాన్’ అని ఆంగ్లేయులు పిలిచిన దుగరాజపట్నములో 1626 ప్రాంతములో వారు వర్తకశాలను కట్టి ఫిరంగులు నిలిపారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలమును సంపాదించిన తరువాత దానిని విడిచిపెట్టారు. ఈ విధముగా క్రైస్తవ దేశములవారు మన తీరమున మొదట కట్టినవి కోటలే. తెలుగువారిలో వాటివలన సంఘము పుట్టలేదు.

సంఘము పుట్టిన విధము వేరు. 1840లో మరియొక డే, అనగా శామ్యూల్ డే, నెల్లూరుకు వచ్చాడు. ఫలితము ఎంత స్వల్పముగా ఉన్నదంటే, ఆ మిషనును మూసివేయాలని అమెరికాలో పలుమార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1వ తేదీన అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో ఒక కొండమీదికి జ్యూవెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ఐదుగురు ఎక్కి ప్రార్థన చేశారు. ఆ కొండమీద గోడ లేదు, బురుజు లేదు. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి బాప్తిస్మము పొందాడు. తోలు వ్యాపారము చేసుకొనే అతడే తనవారి మధ్య సువార్తకు దారి తీశాడు. 1876-78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకమును కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని చూపించాడు. అన్నము కొరకు మతము మారారనే మాట రాకుండ, కరువు తీరేవరకు బాప్తిస్మములు ఆపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మైపాడు ప్రాంతములో తీరము వెంబడి సాగిపోయే కాలువ ఆ కాలువే. మన సంఘ చరిత్రకు గుర్తుగా ఒక కట్టడమును చూపవలసి వస్తే, మేము కోటను కాక ఆ కాలువను చూపుతాము.

4. ఉదయగిరి చెప్పే సాక్ష్యము

కోటలను గురించి తెలుగువారికి సిరియా వెళ్ళి తెలుసుకోవలసిన అవసరము లేదు. మన జిల్లాలోనే ఉదయగిరి ఉన్నది. గజపతుల ఆధీనములో ఉన్న ఆ గిరిదుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, దాదాపు ఏడాదిన్నర ప్రయాసపడి 1514లో పట్టుకున్నాడు. గజపతి బంధువైన తిరుమల రౌతరాయుడు బందీ అయ్యాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తీసుకొనిపోయి 1515లో ప్రతిష్ఠించారు. తరువాత కోట గోల్కొండవారి చేతిలోకి పోయింది. ఇంకా తరువాత ఆర్కాటు నవాబుల కాలములో జాగీరు అయింది. చివరకు ఆంగ్లేయుల వశమైంది. నేడు ఆ కొండమీద ఆలయ శిథిలములు, మసీదు శిథిలములు రెండూ కనబడతాయి.

ఉదయగిరిని, సిరియా కోటను ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే ఒక పోలిక స్పష్టము. కోట చేతులు మారినప్పుడెల్ల గెలిచినవాడు ఓడినవాని దేవుని స్థానమును కూడా మార్చాడు. అక్కడ ప్రార్థనాలయము మసీదు అయింది, ఇక్కడ విగ్రహము రాజధానికి తరలిపోయింది. కోటతో ముడిపడిన భక్తికి కోట గతియే పడుతుంది. ఏ మతమైనా దీనికి మినహాయింపు కాదు.

మరియొక సంగతి కూడా ఉన్నది. మన సంఘస్థులలో అత్యధికుల పూర్వికులు కోట లోపల కూర్చున్నవారు కారు. కోటకు రాళ్ళు మోసినవారు, కోట బయట పేటలలో, పాలెములలో ఉన్నవారు. అటువంటి ప్రజలనుండి వచ్చిన సంఘము, తన సభకు కోటలవారి యుద్ధపు పేరు పెట్టుకోవడము ఎంత విడ్డూరమో ఆలోచించాలి.

5. లేఖనములలోని కోట

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. కీర్తనకారుడు దేవుని తన కోటగాను, శైలముగాను వర్ణించలేదా? పౌలు యుద్ధోపకరణములను గురించి వ్రాయలేదా? వ్రాశాడు. కాని జాగ్రత్తగా చదవాలి.

18వ కీర్తనలోను, 46వ కీర్తనలోను కోట దేవుడే. దేవుని కొరకు మనము కట్టేది కాదు. తరుమబడినవాడు, దిక్కులేనివాడు చెప్పే మాట అది. ఇతరులను తరిమేవాడు చెప్పే మాట కాదు. 2 కొరింథీయులకు 10వ అధ్యాయములో పౌలు పడద్రోయమన్న దుర్గములు ఏవో ఆయనే వివరించాడు. దేవుని జ్ఞానమునకు విరోధముగా లేచే వాదములు, అతిశయములు. అవి ముందుగా కొరింథు సంఘము లోపలే ఉన్నాయి. ఎఫెసీయులకు 6వ అధ్యాయములో మన పోరాటము శరీరులతో కాదని స్పష్టముగా చెప్పబడింది. అయినను మన ప్రసంగములలో కొన్నిసార్లు ‘సాతాను కోటలు’ అంటూ వ్రేలు ఊరిలోని గుడివైపో, మసీదువైపో చూపుతుంది. ఇది పౌలు భావము కాదు. లేఖనమును తలక్రిందులు చేయడమే.

సిలువ యోధులు కూడా ఇదే పొరపాటు చేశారు. తన సిలువను ఎత్తుకొని తన వెంట రమ్మని ప్రభువు చెప్పిన మాటను వారు అక్షరాల తీసుకొని బట్టమీద సిలువ కుట్టుకున్నారు. సిలువ గుర్తు ధరించినవారు అనేదే వారి పేరు. ‘క్రూసేడు’ అనే మాట దానినుండే వచ్చింది. వారందరూ దోపిడీ కొరకే వెళ్ళారనడము న్యాయము కాదు. అనేకులు ఆస్తులు అమ్ముకొని, ప్రేమకార్యమని నమ్మియే వెళ్ళారని జోనాథన్ రైలీ-స్మిత్ వంటి చరిత్రకారులు చూపించారు. మనకు హెచ్చరిక అక్కడే ఉన్నది. చిత్తశుద్ధి ఉన్నంతమాత్రాన మార్గము సరియైనది కాదు. సిలువను మోయడము వేరు, సిలువ గుర్తుతో ఇతరులమీదికి పోవడము వేరు.

మన భాషలోని ‘సిలువ’ అనే మాటకు కూడా ఒక చరిత్ర ఉన్నది. అది సురియాని భాషలోని ‘స్లీబా’ అనే పదమునుండి దక్షిణ దేశమునకు వచ్చినదని భాషావేత్తలు చెపుతారు. అరబ్బీలోని ‘సలీబ్’ దానికి దగ్గర చుట్టము. అంటే మనకు ఈ మాటను ఇచ్చినది కత్తి పట్టిన యోధులు కారు; సురియానిలో ఆరాధించిన తూర్పు సంఘపు క్రైస్తవులు. ఆ కోట క్రింది లోయలోనివారికి వీరు విశ్వాసములో బంధువులు.

6. ఒక ఆక్షేపణ

‘మాట అర్థము మారిపోయింది. క్రూసేడు అంటే నేడు పెద్ద సభ అని మాత్రమే. పాత చరిత్రను ఎందుకు త్రవ్వాలి?’ అని సేవకులు కొందరు అడుగుతారు. ఇది త్రోసివేయవలసిన ప్రశ్న కాదు. మాటల అర్థములు మారడము సహజమే.

అయితే అర్థము మనకు మారినంత మాత్రాన అందరికీ మారదు. 2001 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు తీవ్రవాదముపై పోరాటమును ‘క్రూసేడు’ అన్నప్పుడు లోకమంతటా ఎంత కలవరము కలిగిందో మనకు తెలుసు. ‘క్యాంపస్ క్రూసేడ్ ఫర్ క్రైస్ట్’ అనే ప్రసిద్ధ సంస్థ అరువది సంవత్సరములు వాడిన పేరును 2011లో అమెరికాలో ‘క్రూ’ అని మార్చుకున్నది. పాత పేరులోని ఆ మాట అనేకులకు అడ్డు అవుతున్నదని వారు చెప్పిన కారణములలో ఒకటి. పేరు పుట్టినచోటే దానిని విడిచిపెడుతుండగా మనము పట్టుకొని వ్రేలాడనవసరము లేదు.

ఇంకొక సంగతి. మత మార్పిడిని గురించి అనుమానములు బలముగా ఉన్న కాలములో, సువార్తను దండయాత్రగా చిత్రించేవారికి మన కరపత్రమే సాక్ష్యముగా దొరుకుతుంది. దానివలన వచ్చే కష్టమును మొదట అనుభవించేది పట్టణమునుండి కారులో వచ్చి వెళ్ళే ప్రసంగీకుడు కాదు. ఆ ఊరిలోనే ఉండే కాపరి, పదిమంది మధ్య బ్రదికే విశ్వాసి.

ముగింపు

పై పరిశీలననుండి కాపరులకు, వేదాంత విద్యార్థులకు మూడు సూచనలు చేస్తున్నాము. మొదటిది, మన సభలకు ‘సువార్త సభలు’, ‘ఉజ్జీవ కూటములు’ అనే చక్కని తెలుగు మాటలు ఉన్నాయి. వాటినే వాడుదాము. రెండవది, సంఘచరిత్ర తరగతులలో సిలువ యుద్ధములను బోధించేటప్పుడు పోపులు, రాజులు, తేదీలతో ఆగిపోక, ఆ దేశపు స్థానిక క్రైస్తవులు ఏమి అనుభవించారో కూడా బోధించాలి. మూడవది, ‘కోట’, ‘దుర్గము’, ‘యుద్ధము’ అనే లేఖన పదములపై ప్రసంగించే ముందు, ఆ వాక్యభాగములో ఎవరు ఎవరితో ఏ స్థితిలో మాట్లాడుతున్నారో పరిశీలించి మరీ ప్రసంగించాలి.

సిరియాలోని ఆ కోట 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందింది. కొద్ది సంవత్సరములకే అంతర్యుద్ధములో మరల సైనికులు దానిలో దాగుకున్నారు, మరల గుండ్లు దాని గోడలకు తగిలాయి. 2014 మార్చిలో అది మరొకసారి చేతులు మారింది. ఆ లోయలోని క్రైస్తవులు ఈ యుద్ధములో కూడా కొందరిని పోగొట్టుకొని, భయముతోనే అయినా, తమ ఇండ్లలో నిలిచి ఆరాధన సాగించారు. మైపాడులో వలలు బాగుచేసుకొనే పొరుగువాని మధ్య కాపురముండి, అతని కష్టములో పాలుపొంది సువార్త చెప్పే కాపరికి ఆ కొండమీది యోధులు కాక, ఆ లోయలోని విశ్వాసులే మాదిరి. అతని సభకు పేరు పెట్టేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకొనవలెనని మా మనవి.